మధ్యలో దిగే దేశం కూడా దేశమే: వలస ప్రయాణంలో ట్రాన్సిట్ వీసా లెక్కలు

మరో దేశంలో స్థిరపడేందుకు వీసా సంపాదించడం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే పని. దరఖాస్తులు, వైద్య పరీక్షలు, పోలీసు ధ్రువపత్రాలు, ఇంటర్వ్యూలు అన్నీ గట్టెక్కాక విమానం టికెట్ కొనడం మిగతా పనులన్నిటిలోకీ తేలికైనదిగా కనిపిస్తుంది. అందువల్లనే చాలామంది టికెట్ ధరనూ, మొత్తం ప్రయాణానికి పట్టే గంటలనూ చూసి కొనేస్తారు. విమానం మారవలసిన మధ్య దేశం తమ పాస్‌పోర్టును ఏ దృష్టితో చూస్తుందన్న ప్రశ్న, చెకిన్ కౌంటర్‌లోని ఉద్యోగి అడిగేదాకా వారికి తట్టదు. అప్పటికి ఇల్లు ఖాళీ అయి ఉంటుంది, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఉంటారు. పర్యాటకుడైతే వారం ఆగి మళ్లీ బయలుదేరవచ్చు. వలస వెళ్లేవారి వీసాకు మాత్రం మొదటి ప్రవేశానికి ఒక గడువు తేదీ ఉంటుంది.

గమ్యదేశం ఇచ్చిన వీసా ఆ దేశపు సరిహద్దు దగ్గర మాత్రమే చెల్లే అనుమతి. దారిలో ఉన్న దేశం దాన్ని మన్నించవచ్చు, మన్నించకపోవచ్చు. మన్నించనప్పుడు ఆ దేశం మీదుగా వెళ్లేందుకే విడిగా తీసుకోవలసిన అనుమతి ట్రాన్సిట్ వీసా. మన్నించే దేశాలు కూడా అది ఎవరు ఇచ్చిన వీసా, ఏ రూపంలో ఉంది, ఇంకా చెల్లుబాటులో ఉందా అని చూసిన తరువాతనే వెసులుబాటు ఇస్తాయి. శాశ్వత నివాసానికి అనుమతి దొరికినవారికి సందర్శకులకంటే దారి సుగమంగా ఉంటుందని అనుకోవడం సహజమే కాని, వాస్తవం చాలాసార్లు ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. సందర్శకుడి చేతిలో అందరికీ తెలిసిన వీసా స్టిక్కరూ, తిరుగు టికెట్టూ ఉంటాయి. వలస వెళ్లేవారి చేతిలో ఒక్కసారికే పనికివచ్చే పత్రం, కౌంటర్ ఉద్యోగులు అరుదుగా చూసే కాగితం, లేదా అసలు కాగితమే లేని ఎలక్ట్రానిక్ అనుమతి, దానితోపాటు ఒకవైపు టికెట్టు ఉంటాయి. కాబట్టి వలస ప్రయాణంలో మార్గాన్ని టికెట్ ధర కాక చేతిలో ఉన్న పత్రాలు నిర్ణయించాలి. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అంతే; మిగిలినదంతా అందుకు కారణాలు.

గీత ఎక్కడ ఉంటుంది

అంతర్జాతీయ విమానం దిగిన ప్రయాణికుడు ఇమిగ్రేషన్ కౌంటర్ దాటకుండా, భద్రతా తనిఖీ మాత్రం ముగించుకుని తరువాతి గేటుకు వెళ్లగలిగే ఏర్పాటు చాలా విమానాశ్రయాల్లో ఉంది. అలా వెళ్లినంతవరకు అతను వలస చట్టం దృష్టిలో ఆ దేశంలో ప్రవేశించినట్టు కాదు. దుబాయ్, దోహా, సింగపూర్, ఇస్తాంబుల్ వంటి పెద్ద కూడళ్ల వ్యాపారం ఈ ఏర్పాటు మీదే నిలబడి ఉంది. ఒకే టికెట్ మీద వెళ్తూ టెర్మినల్ లోపలే ఉండిపోయే ప్రయాణికులను అక్కడ సాధారణంగా వీసా అడగరు. బయటికి వెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది. దుబాయ్ 48 గంటల ట్రాన్సిట్ వీసాను ఉచితంగానూ, 96 గంటల వీసాను 50 దిర్హాములకూ ఇస్తుంది. చైనా 2024 డిసెంబరు నుంచి ఎంపిక చేసిన దేశాల పౌరులకు 240 గంటల వరకు వీసా లేకుండా ఆగే వీలు కల్పించింది; అయితే వచ్చిన దేశానికి కాకుండా మూడో దేశానికి వెళ్లే టికెట్ ఉండాలన్నది అందులో ప్రధాన షరతు.

లేఓవర్‌కూ స్టాపోవర్‌కూ మధ్య ఉన్న 24 గంటల తేడా గురించి కొంత గందరగోళం కనిపిస్తుంది. అంతర్జాతీయ ప్రయాణంలో 24 గంటల లోపు ఆగితే లేఓవర్, అంతకు మించితే స్టాపోవర్ అనడం విమాన సంస్థలు టికెట్ ధర కట్టేందుకు పెట్టుకున్న విభజన. వీసా చట్టానికి ఆ విభజనతో నేరుగా సంబంధం లేదు. రెండు గంటలే ఆగినా ఇమిగ్రేషన్ దాటవలసి వస్తే ప్రవేశానుమతి కావాలి. పదహారు గంటలు టెర్మినల్ లోపలే కూర్చోగలిగితే అక్కర్లేకపోవచ్చు. అడగవలసిన ప్రశ్న ఎంతసేపు ఆగుతున్నామన్నది కాదు, ఆగినంతసేపట్లో ఏ గీత దాటవలసి వస్తుందన్నది.

ఆ గీత చాలాసార్లు ప్రయాణికుడి ఇష్టంతో పని లేకుండా అతని ముందుకు వస్తుంది. టోక్యోలో నరిటాలో దిగి హనేడా నుంచి బయలుదేరవలసి ఉన్నా, లండన్‌లో హీత్రోలో దిగి గాట్విక్ నుంచి ఎక్కవలసి ఉన్నా, మధ్యలో ఉన్న రోడ్డు ఆ దేశపు భూభాగమే. అది దాటడానికి ప్రవేశానుమతి కావలసిందే. టికెట్ అమ్మే వెబ్‌సైట్లలో ఈ సంగతి ‘విమానాశ్రయం మార్పు’ అన్న చిన్న అక్షరాల సూచనగా మాత్రమే కనిపిస్తుంది. ఒకే విమానాశ్రయంలో టెర్మినల్ మారేటప్పుడు కూడా కొన్నిచోట్ల ఇమిగ్రేషన్ దాటవలసి ఉంటుంది. రాత్రిపూట ట్రాన్సిట్ ప్రాంతాన్ని మూసివేసే విమానాశ్రయాలు ఉన్నాయి, అసలు అటువంటి ప్రాంతమే లేనివీ ఉన్నాయి.

గీత దాటకపోతే ఆ దేశపు చట్టం అసలు వర్తించదని అనుకోవడం కూడా పొరపాటే. 1992 మార్చిలో సిరియా నుంచి పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయానికి చేరిన నలుగురు సోమాలీ తోబుట్టువులను ఫ్రాన్సులోకి రానివ్వకుండా 20 రోజులపాటు విమానాశ్రయపు అంతర్జాతీయ జోన్‌లోనూ, దానికి అనుబంధంగా వాడిన హోటల్‌లోనూ ఉంచారు. వారు ఫ్రాన్సులో ప్రవేశించలేదు గనుక, మరో దేశానికి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంది గనుక అది నిర్బంధం కాదని ప్రభుత్వం వాదించింది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1996 జూన్ 25న అమూర్ కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. పేరుకు అంతర్జాతీయ జోన్ అయినా దానికి దేశ భూభాగానికి వెలుపల ఉన్న హోదా ఏదీ లేదని, అక్కడి మనుషుల స్వేచ్ఛకు బాధ్యత ఫ్రాన్సుదేనని స్పష్టం చేసింది. అదే ఏడాది మార్చి 4న యూరోపియన్ యూనియన్ దేశాలు, టెర్మినల్ దాటకుండా విమానం మారేందుకు కూడా కావలసిన విమానాశ్రయ ట్రాన్సిట్ వీసాల మీద ఉమ్మడి చర్యను ఆమోదించాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వీసా ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ట్రాన్సిట్‌లో దిగి ఆశ్రయం కోరే అవకాశం ఉన్నవారిని, బయలుదేరే చోటే ఆపడానికి అది ఒక సాధనం. ఆ ఉద్దేశంతో సంబంధమే లేని వలసదారు కూడా, ఫలానా పాస్‌పోర్టు ఉన్న కారణంగా, అదే వలలో పడతాడు.

కౌంటర్ దగ్గర తీర్పు

ట్రాన్సిట్ నిబంధనలు చేసేది ప్రభుత్వాలే అయినా వాటిని ముందుగా అమలు చేసేది విమాన సంస్థ ఉద్యోగి. 1944 నాటి షికాగో ఒప్పందానికి చేర్చిన తొమ్మిదో అనుబంధం, గమ్యదేశమే కాక దారిలోని దేశాలు కోరే పత్రాలు కూడా ప్రయాణికుడి దగ్గర ఉన్నాయో లేదో ఎక్కించే చోటే చూసుకోవలసిన బాధ్యతను విమాన సంస్థల మీద పెట్టింది. ఆ బాధ్యతకు పదును పెట్టినవి మాత్రం జరిమానాలు. బ్రిటన్ 1987లో చేసిన చట్టం సరైన పత్రాలు లేని ఒక్కో ప్రయాణికుడికి 1,000 పౌండ్ల చొప్పున విమాన సంస్థ నుంచి వసూలు చేసే వీలు కల్పించింది. 1993 చట్టం దాన్ని ట్రాన్సిట్ ప్రయాణికులకూ విస్తరించింది. యూరోపియన్ యూనియన్ 2001లో తెచ్చిన ఆదేశం సభ్యదేశాలకు మూడు మార్గాలు చూపింది: గరిష్ఠ జరిమానా ఒక్కో ప్రయాణికుడికి 5,000 యూరోలకు తగ్గకుండా, లేదా కనిష్ఠ జరిమానా 3,000 యూరోలకు తగ్గకుండా, లేదా ఒక్కో ఉల్లంఘనకు మొత్తంగా విధించే గరిష్ఠ జరిమానా 5,00,000 యూరోలకు తగ్గకుండా ఉండాలని చెప్పింది. దీనికితోడు తిరస్కరణకు గురైన ప్రయాణికుడిని వెనక్కి తీసుకుపోయే ఖర్చు కూడా తెచ్చిన సంస్థదే.

కౌంటర్‌లో జరిగేది దగ్గరనుంచి చూస్తే ఇలా ఉంటుంది. ఉద్యోగి పాస్‌పోర్టును యంత్రం మీద పెట్టి, అంతర్జాతీయ విమాన రవాణా సంఘం అయాటా నిర్వహించే టిమాటిక్ అనే సమాచార నిధిలో పౌరసత్వం, పత్రం రకం, గమ్యం, దారిలోని విమానాశ్రయాలు, ఒక్కోచోట ఆగే సమయం చూస్తారు. తెరమీద వచ్చే జవాబు సాధారణంగా ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, వరస షరతులతో, మినహాయింపులకు మళ్లీ మినహాయింపులతో ఉంటుంది. ఆ జవాబును చేతిలోని కాగితానికి అన్వయించి, వెనక నిలబడిన వంద మంది ఎదురుచూస్తుండగా, రెండు నిమిషాల్లో నిర్ణయం చెప్పాలి. అనుమానం వచ్చినప్పుడు ఎక్కించి జరిమానాకు సిద్ధపడటం కంటే ఆపేయడమే ఉద్యోగికి క్షేమం. ఇందులో ద్వేషం ఏమీ లేదు. నష్టం ఎవరి మీద పడుతుందో దాన్నిబట్టి నిర్ణయం అటే ఒరుగుతుంది. ఇలా ఆగిపోయినవారికి పరిహారం కూడా దాదాపు దక్కదు. యూరోపియన్ యూనియన్ 2004 నాటి 261వ నియంత్రణ విమానం ఎక్కనివ్వకపోతే పరిహారం ఇమ్మంటుంది కాని, సరైన ప్రయాణ పత్రాలు లేవన్న సహేతుక కారణంతో ఆపినప్పుడు అది వర్తించదని అందులోనే రాసి ఉంది.

దేశానికో పద్ధతి

అమెరికాలో పైన చెప్పిన ట్రాన్సిట్ ఏర్పాటే లేదు. అక్కడి విమానాశ్రయంలో దిగిన ప్రతి అంతర్జాతీయ ప్రయాణికుడు, గంటలో మరో దేశానికి ఎగరవలసి ఉన్నా సరే, ఇమిగ్రేషన్ దాటాలి, సామాను తీసుకోవాలి. వీసా లేకుండా మారే వీలు ఒకప్పుడు ఉండేది. భద్రతా కారణాలు చూపి 2003 ఆగస్టు 2న దాన్ని నిలిపివేశారు. అప్పటినుంచి ట్రాన్సిట్‌కు సి-1 వీసా, లేదా సందర్శక వీసా, లేదా అర్హత ఉన్న దేశాల పౌరులైతే ఎస్టా అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతి ఉండాలి. కెనడాలో శాశ్వత నివాసానికి వెళ్తున్న మనిషి షికాగో మీదుగా టికెట్ కొంటే అతని కెనడా పత్రాలు షికాగోలో దేనికీ పనికిరావు. తక్కువ ధరకు వచ్చే మార్గాల్లో ఇదే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు అనిపిస్తుంది. ఎందుకంటే అమెరికా వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి పట్టే కాలం కెనడాలో ప్రవేశానికి ఉన్న గడువును మించిపోవచ్చు.

కెనడా ట్రాన్సిట్ వీసాకు రుసుము తీసుకోదు. 48 గంటల లోపు ఆగేవారికి దాన్ని ఇస్తుంది. ఉచితం అన్నంతమాత్రాన దరఖాస్తూ, వేలిముద్రలూ తప్పుతాయని కాదు. ఆస్ట్రేలియాలో 771 ఉపతరగతి ట్రాన్సిట్ వీసా కూడా ఉచితమే, 72 గంటల వరకు చెల్లుతుంది; కొన్ని దేశాల పౌరులూ, నిర్ణీత షరతులకు లోబడే మరికొందరూ ఎనిమిది గంటల లోపు ట్రాన్సిట్ లాంజ్‌లోనే ఉండిపోతే అదీ అక్కర్లేదు. న్యూజీలాండ్‌లో ట్రాన్సిట్ ఆక్లండ్ మీదుగా మాత్రమే కుదురుతుంది.

బ్రిటన్ పద్ధతిలో రెండు అంచెలు ఉన్నాయి. ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారేవారిలో కొన్ని దేశాల పౌరులకు ఒక రకం వీసా కావాలి. ఇమిగ్రేషన్ దాటి 48 గంటల లోపు వెళ్లిపోయేవారికి మరో రకం. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాల చెల్లుబాటయ్యే వీసా ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఇమిగ్రేషన్ దాటి వెళ్లేవారు ఆ మినహాయింపును వాడుకోవాలంటే విమానంలోనే వచ్చి, మరుసటి రోజు రాత్రి 11:59 లోపు విమానంలోనే వెళ్లిపోవాలి. ఉదారంగా కనిపించే ఈ నియమంలోని మెలిక పత్రం రూపంలో ఉంది. ఎలక్ట్రానిక్ వీసాను, ఇచ్చిన దేశంతో విమాన సంస్థ సరిచూసుకోగలిగితే తప్ప, ఇమిగ్రేషన్ దాటే ట్రాన్సిట్‌కు ఒప్పుకోరు. ఆస్ట్రేలియా 2015 సెప్టెంబరు నుంచి వీసా స్టిక్కర్లు అతికించడమే మానేసింది. అక్కడ శాశ్వత నివాసానికి వెళ్లేవారి పాస్‌పోర్టులో కంటికి కనిపించే ఆధారం ఏదీ ఉండదు.

తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల కూటమి, అంటే షెంగెన్ దేశాల సంగతి మరికాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే. యూరోపియన్ వీసా కోడ్ అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, ఇరాన్, నైజీరియా, పాకిస్తాన్, శ్రీలంక మొదలైన 12 దేశాల పౌరులు ఏ షెంగెన్ విమానాశ్రయంలో విమానం మారినా ట్రాన్సిట్ వీసా తీసుకోవాలంటుంది. ఆ ఉమ్మడి జాబితాకు తోడు ఒక్కో సభ్యదేశం తన సొంత జాబితా పెట్టుకోవచ్చు, అవి తరచు మారుతుంటాయి. ఒకే పాస్‌పోర్టుకు ఒక నగరంలో అక్కర్లేని వీసా మరో నగరంలో కావలసి రావడం ఇందువల్లనే. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. అమెరికా, కెనడా, జపాన్ వీసాలు ఉన్నవారికి ఈ ట్రాన్సిట్ వీసా నుంచి మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియా పేరు ఆ వరసలో లేదు. అంటే ఒకే పాస్‌పోర్టు ఉన్న ఇద్దరిలో టొరంటోకు వెళ్లేవారు ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిశ్చింతగా విమానం మారగలిగితే, సిడ్నీకి వెళ్లేవారు అదే గేటు దగ్గర ఆగిపోవచ్చు.

మినహాయింపు ఉన్నవారికి కూడా ఒక గొయ్యి ఉంది. ట్రాన్సిట్ వీసా కాని, దాని మినహాయింపు కాని, ఒకే విమానాశ్రయపు అంతర్జాతీయ ప్రాంతంలో విమానం మారడానికే పనికివస్తాయి. మ్యూనిక్‌లో దిగి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా షికాగోకు వెళ్లే టికెట్‌లో మ్యూనిక్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లేది దేశీయ విమానం. అది ఎక్కాలంటే మ్యూనిక్‌లోనే షెంగెన్ ప్రాంతంలో ప్రవేశించాలి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్‌కు వెళ్లినా అంతే, దేశాలు వేరైనా సరిహద్దు తనిఖీ పరంగా అది లోపలి ప్రయాణమే. అటువంటి మార్గానికి పూర్తి షెంగెన్ వీసా కావాలి, అమెరికా ఇమిగ్రెంట్ వీసా పాస్‌పోర్టులో మెరుస్తూ ఉన్నా సరే. యూరప్‌లో రెండుచోట్ల ఆగే టికెట్లు ధరలో ఆకర్షణీయంగా ఉంటాయి గనుక ఈ వివరం పట్టించుకోవడం అవసరం.

ఇంకా ముద్ర పడని పత్రాలు

వలస పత్రాలకు ప్రత్యేకమైన సమస్య వాటి మధ్యస్థ స్థితి. గ్రీన్ కార్డు లేదా శాశ్వత నివాస కార్డు చేతిలో ఉన్న మనిషికి చాలా ట్రాన్సిట్ మినహాయింపులు వర్తిస్తాయి. కాని మొదటి ప్రయాణంలో ఆ కార్డు ఇంకా రాదు. అమెరికా విషయంలో పాస్‌పోర్టులో అతికించిన ఇమిగ్రెంట్ వీసా ఉంటుంది. దాని గడువు మామూలుగా ఆరు నెలలకు మించదు, వైద్య పరీక్ష గడువునుబట్టి ఇంకా తగ్గవచ్చు. మొదటి ప్రవేశ విమానాశ్రయంలో అధికారి దానిమీద ముద్ర వేశాక అదే ఏడాదిపాటు తాత్కాలిక నివాస ఆధారంగా చెల్లుతుంది. కెనడాలో శాశ్వత నివాస ధ్రువీకరణ పత్రం ఉంటుంది, వీసా అవసరమైన దేశాల పౌరులకు దానితోపాటు పాస్‌పోర్టులో స్టిక్కరు ఉంటుంది. ధ్రువీకరణ పత్రం మాత్రమే ఉన్నవారు మధ్య దేశంలో దాన్ని వీసాగా చూపించబోతే ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే మినహాయింపుల జాబితాల్లో ఉండే మాటలు ‘వీసా’, ‘నివాస కార్డు’ అన్నవి. ఆ కాగితం విలువ కెనడా అధికారికి తెలుసు, మధ్య దేశపు నియమావళికి తెలియదు.

కుటుంబంతో వెళ్లేటప్పుడు ఈ లెక్క ఒక్కొక్కరికీ విడివిడిగా కట్టాలి. భార్యాభర్తలవి వేర్వేరు పౌరసత్వాలు కావచ్చు, పసిబిడ్డకు మూడో దేశపు పాస్‌పోర్టు ఉండవచ్చు. ఒకరికి ఉన్న మినహాయింపు పక్కనున్నవారికి అంటుకోదు. శరణార్థి ప్రయాణ పత్రంతో వెళ్లేవారికి, పౌరసత్వం ఆధారంగా ఇచ్చే వెసులుబాట్లు వర్తించకపోవచ్చు. పునరావాసానికి వెళ్లే శరణార్థుల ప్రయాణాన్ని చాలాసార్లు అంతర్జాతీయ వలస సంస్థ ఐ.ఓ.ఎం. ఏర్పాటు చేస్తుంది, ఆ మూడక్షరాలు పెద్దగా అచ్చేసిన సంచిని వారి పత్రాలతో చేతికిచ్చి, దారిలో ఎవరికీ అప్పగించవద్దని చెబుతారు. దారిలోని సిబ్బంది గుర్తుపట్టేది ఆ సంచి చూసే. సొంతంగా ప్రయాణించే వలసదారుకు అటువంటి అండ ఉండదు. అసలు పత్రాలన్నీ చేతిసంచిలోనే ఉంచుకోవాలన్న నియమం మాత్రం అతనికీ వర్తిస్తుంది.

మొదటి ప్రవేశ విమానాశ్రయం గమ్యనగరమే కానప్పుడు లేఓవర్ సమయం మరో రకంగా ముఖ్యమవుతుంది. విమానం మారడానికి కనీసం ఇంత సమయం చాలునని ప్రతి విమానాశ్రయానికి ఒక లెక్క ఉంటుంది, టికెట్ వెబ్‌సైట్లు దాన్నిబట్టే విమానాలను జతచేస్తాయి. ఆ లెక్క మామూలు ప్రయాణికుడి నడకకూ, వరసకూ సరిపోయేది. కొత్తగా వలస వచ్చినవారిని వేరే గదికి పంపి, పత్రాలు పరిశీలించి, చిరునామా నమోదు చేసి, కెనడాలో అయితే వెంట తెచ్చిన, తరువాత రాబోయే వస్తువుల జాబితా కూడా చూసి పంపుతారు. ఆ గదిలో ముందు ఎంతమంది ఉన్నారన్నదానిమీద అరగంటా పట్టవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు. తరువాత సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, దేశీయ విమానానికి తిరిగి అప్పగించాలి. గంటన్నర కనెక్షన్ చట్టబద్ధంగా సరిపోయినా ఇటువంటి రోజున అది సాహసమే. నాలుగు గంటలు ఉంటే నయం. అబుదాబి, డబ్లిన్, షానన్‌లలోనూ, కెనడాలోని పెద్ద విమానాశ్రయాల్లోనూ అమెరికా అధికారులే ఉండి ప్రవేశ తనిఖీని విమానం ఎక్కకముందే ముగిస్తారు. ఆ మార్గంలో అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుడిలా నడిచిపోవచ్చు కాని, సమయపు ఒత్తిడి అంతా మధ్య విమానాశ్రయం మీద పడుతుంది.

టికెట్ రెండు ముక్కలైతే

ఒకే బుకింగ్ మీద ఉన్న టికెట్‌కూ, విడివిడిగా కొని జతచేసుకున్న రెండు టికెట్లకూ ధరలోకంటే వీసా విషయంలో తేడా ఎక్కువ. విడి టికెట్లయితే మొదటి సంస్థ సామానును మధ్య విమానాశ్రయం వరకే పంపుతుంది. దాన్ని బెల్టు మీదనుంచి తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే ప్రవేశ వీసా కావాలి. మొదటి సంస్థ కౌంటర్‌లో గమ్యం కూడా ఆ మధ్య దేశమే అన్నట్టు లెక్కిస్తారు, అసలు గమ్యదేశపు పత్రాలు అక్కడ పక్క సాక్ష్యం మాత్రమే. చేతిసామానుతో వెళ్లేవారు ఇందులోంచి కొన్నిసార్లు తప్పించుకోగలరు, రెండో సంస్థ బోర్డింగ్ పాస్ ముందే చేతిలో ఉంటే. నాలుగు పెద్ద పెట్టెలతో కాపురమే మార్చుకుంటున్నవారికి ఆ దారి లేదు. ఒకే బుకింగ్ అయినా సామాను చీటీ అంటించేటప్పుడు దానిమీద అన్నిటికంటే పెద్దగా అచ్చయిన మూడక్షరాల కోడ్‌ను చూసుకోవడం మంచిది. అది చివరి విమానాశ్రయానిది కాకపోతే ఎందుకు కాదో అక్కడే అడగాలి. ప్రవేశ విమానాశ్రయంలో సామాను తీసుకోక తప్పని అమెరికా వంటి చోట్ల మాత్రం చీటీ మీద చివరి కోడ్ ఉన్నా మధ్యలో తీసుకుని తిరిగి ఇవ్వాలి.

సామాను పోయినప్పుడు దక్కేదానికీ ఒక హద్దు ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమాన సంస్థ బాధ్యత ఒక్కో ప్రయాణికుడికి, పెట్టెలు ఎన్ని ఉన్నా, 2024 డిసెంబరు 28 నుంచి, అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క ప్రమాణంలో, 1,519 ఎస్‌.డి.ఆర్. వరకు, అంటే సుమారు రెండు వేల అమెరికా డాలర్ల వరకే. చెకిన్ సమయంలో ఎక్కువ విలువ ప్రకటించి, అదనపు రుసుము కట్టే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. అందరూ ఉపయోగించుకోరు గాని, ఇల్లంతా సర్దుకుని వెళ్లేవారికి ఆలోచించదగ్గ విషయం.

దారి మళ్లినప్పుడు

ఎంత జాగ్రత్తగా మార్గం ఎంచుకున్నా, విమానం రద్దయిన రోజున ఆ ఎంపిక ప్రయాణికుడి చేతిలో ఉండదు. ఒకే బుకింగ్ అయితే మరో విమానంలో గమ్యం చేర్చే పని సంస్థ చేస్తుంది. విడి టికెట్లయితే తప్పిపోయిన రెండో విమానం నష్టం ప్రయాణికుడిదే. అయితే సంస్థ కంప్యూటర్ కొత్త మార్గాన్ని వెతికేటప్పుడు చూసేది ఖాళీ సీట్లనూ, సమయాన్నీ. ప్రయాణికుడి పాస్‌పోర్టుకు ఏ దేశంలో ట్రాన్సిట్ వీసా కావాలో అది సాధారణంగా చూడదు. దోహా మీదుగా వెళ్లవలసిన మనిషి ఫోనుకు న్యూయార్క్ మీదుగా టొరంటో చేరే కొత్త టికెట్ రావచ్చు. దాన్ని వెంటనే ఒప్పుకుంటే తరువాతి కౌంటర్‌లో ఆగిపోవడమే కాక, పత్రాలు లేక ఆగిపోయినట్టు నమోదై, పరిహారం అడిగే హక్కు మీద కూడా వివాదం వస్తుంది. ఒప్పుకోకముందే ట్రాన్సిట్ దేశం పేరు చెప్పి, తన పత్రాలతో అక్కడ విమానం మారడం కుదరదని చెప్పి, వేరే మార్గం అడగాలి. ఆ మాట ఫోనులో కాక రాతపూర్వకంగా ఉంటే మంచిది.

రాత్రికి విమానం లేనప్పుడు సంస్థ ఇచ్చే హోటల్ కూడా గీతకు అవతలే ఉంటుంది. ప్రవేశానుమతి లేనివారు టెర్మినల్ లోపలి హోటల్‌లో గది ఖాళీ ఉంటే అక్కడ, లేకపోతే కుర్చీల్లో రాత్రి గడపవలసి వస్తుంది. వీసా మీద మొదటి ప్రవేశపు గడువు ఆ రాత్రికే ముగిసేటట్టుంటే విమాన సంస్థ ఏమీ చేయలేదు. తారీఖు మారాక తరువాతి విమానం ఎక్కించాలంటే గమ్యదేశపు అనుమతి కొత్తగా కావాలి. చివరి వారంలో బయలుదేరే ప్రయాణానికి టికెట్ ఎంత చౌకగా దొరికినా, నేరుగా వెళ్లే విమానం ఉంటే దానికి పెట్టే అదనపు ఖర్చు ఈ ఒక్క కారణంగానే సమంజసం.